మాంబెతి లఘుచిత్రాలకు తెలుగు సబ్‌టైటిళ్లు: నా అనుభవం

సెనెగల్ దర్శకుడు జిబ్రిల్ జోప్ మాంబెతి ఆఖరి రెండు సినిమాలూ ముప్పావు గంటవే. ‘ల ఫ్రాంక్’ 1994లో వచ్చింది. ‘ల పెతీత్ వాందూజ్ ద సొలే’ 1999లో, ఆయన పోయాక వచ్చింది. మామూలు జనం కథలు మూడు చెప్పాలనుకున్నాడు. 1998 జులైలో క్యాన్సర్‌తో చనిపోవడంతో మూడోది తీయనేలేదు. ఈ రెండింటికీ తెలుగు సబ్‌టైటిళ్లు రాసి, సరిచూసి, ఫిల్మ్ సొసైటీ హాల్లో తెర మీదికి తెచ్చే పని ఎలా సాగుతుందో రాస్తున్నాను. ఇలాంటి పని తలపెట్టేవాళ్లకు అక్కరకొచ్చే కొలతలు, చిక్కులు ఇందులో ఎక్కువ. సమీక్ష తక్కువ.

ఈ సినిమాలను చెవితో పట్టుకోవాలి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్ ఫైలు ముందు పెట్టుకుని వాక్యానికి వాక్యం తెలుగు చేస్తే అర్థం తెర మీదికి వస్తుంది గాని కథ చెబుతున్న గొంతు రాదు. ఎందుకంటే మాంబెతి సినిమా స్కూల్లో చదివినవాడు కాదు. సెనెగల్ రాజధాని డాకర్‌లోని డానియల్ సొరానో థియేటర్‌లో నటుడిగా మొదలయ్యాడు. ఆయన కథ నడిపే తీరు వోలోఫ్ భాష మాట్లాడే సెనెగల్ ఇళ్లలో రాత్రిళ్లు చెప్పుకునే ‘లేబ్’ కథల తీరు. అక్కడ చెప్పేవాళ్లు ‘లేబోన్’ అంటే వినేవాళ్లు ‘లిప్పోన్’ అని అందుకోవాలి. ‘అమోన్ నా ఫి’, అంటే ఒకానొకప్పుడు ఉండేది, అనగానే ‘దాన్ నా అమ్’, అవును ఉంటుండేది, అని బదులివ్వాలి. ఊ కొట్టకపోతే మన దగ్గర అవ్వలు కథ ఆపేసినట్టే, అక్కడా బదులు లేకపోతే కథ కదలదు. మధ్యలో పాట వస్తుంది, దాన్ని అందరూ ఎత్తుకుంటారు. తెలివైన కుందేలు లెక్, తిండిబోతు దుమ్ములగొండి బుకీ ఆ కథల్లో ఎప్పుడూ ఉండే పాత్రలు. మాంబెతికి పేరు తెచ్చిన 1973 నాటి పెద్ద సినిమా ‘తుకీ బుకీ’ పేరులో ఉన్నది ఆ బుకీయే.

ఆ అలవాటు ఈ రెండు సినిమాల్లోనూ కనిపిస్తుంది. పాత్రలు నలుగురైదుగురే. ఒకే కేక, ఒకే పాట, ఒకే అడ్డంకి తిరిగి తిరిగి వస్తాయి. ‘ల ఫ్రాంక్’లో మారిగో అనే వాయిద్యగాడు అద్దె కట్టలేదని ఇంటావిడ అతని వాయిద్యం కొంగోమా లాక్కుంటుంది. అతను లాటరీ టికెట్టు కొని, పోకుండా ఉండాలని గది తలుపుకి అంటించి, దాని మీద యాదికూన్ పోస్టరు అతికిస్తాడు. యాదికూన్ అంటే పెద్దలను దోచి పేదలకు పెట్టాడని సెనెగల్‌లో చెప్పుకునే దొంగ. టికెట్టుకు బహుమతి తగులుతుంది, తలుపు మీంచి అది ఊడదు. ఇక తలుపునే నెత్తిన పెట్టుకుని డాకర్ అంతా తిరుగుతాడు. రెండో సినిమాలో సిలీ లామ్ అనే పిల్ల, కాళ్లు చచ్చుబడి ఊతకర్రల మీద నడిచేది, గుడ్డిదైన అవ్వతో అడుక్కోవడం మాని మగపిల్లలతో పోటీగా ‘ల సొలే’ పేపరు అమ్మడానికి దిగుతుంది. మొదటి రోజు ఆమెకు దక్కేవి 13 కాపీలు.

మొదటి పని హక్కులు. రెండు సినిమాల నిర్మాణంలోనూ స్విట్జర్లాండ్‌కు చెందిన వాకా ఫిల్మ్స్ ఉంది. ఇటీవలి సంవత్సరాల్లో పునరుద్ధరించిన ప్రతులు కూడా తిరుగుతున్నాయి. ఫ్రాన్స్ ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ ఆన్‌స్టిట్యూ ఫ్రాన్సే దగ్గర సినెమాతెక్ ఆఫ్రిక్ అనే ఆఫ్రికన్ సినిమాల భాండారం ఉంది. లాభాపేక్ష లేని ప్రదర్శనలకు అక్కణ్ణించి సినిమాలు ఇస్తారు కాబట్టి ముందు మీ ఊళ్లో ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ ద్వారా అడగడం తేలిక. ఉత్తరంలో హాలు ఎన్ని సీట్లది, ఎన్ని ఆటలు, టికెట్టు ఉందా లేదా, సభ్యులకేనా అందరికీనా, ఏ ఫార్మాట్‌లో కావాలి అన్నవి మొదటిసారే రాస్తే ఒక రౌండు ఉత్తరాలు తప్పుతాయి. చాలామంది మరిచేది ఇంకోటి ఉంది. ప్రదర్శన హక్కు వేరు, సబ్‌టైటిల్ చేసే అనుమతి వేరు. సబ్‌టైటిల్‌ను బొమ్మలోకి బర్న్ చేస్తే, అంటే విడదీయడానికి వీల్లేకుండా అచ్చేస్తే, అది కొత్త ప్రతి అవుతుంది. దానికి విడిగా లిఖితంగా ఒప్పుకోలు తీసుకోవాలి, ప్రదర్శన అయ్యాక ఆ ప్రతి ఏం చెయ్యాలో కూడా అందులోనే తేల్చుకోవాలి.

అడగాల్సిన వస్తువులు రెండు: సబ్‌టైటిల్ లేని శుభ్రమైన ప్రతి, ఏ మాట ఏ క్షణాన వస్తుందో చూపే టైమ్‌కోడ్‌తో ఉన్న డైలాగ్ లిస్టు. ఊరికే ‘సినిమా పంపండి’ అంటే సాధారణంగా ఫ్రెంచ్‌గాని ఇంగ్లిష్‌గాని బొమ్మలోనే అచ్చయిన ప్రతి వస్తుంది. దాని మీద తెలుగు వెయ్యాలంటే పాత వరుసల పైన ఎక్కించాలి, అప్పుడు ముఖాలు కప్పుకుపోతాయి. లేదా బొమ్మ కింద నల్లపట్టీ కలిపి అందులో వెయ్యాలి, అప్పుడు బొమ్మ చిన్నదవుతుంది. రెండింట్లో నల్లపట్టీయే మేలని నా అభిప్రాయం. ముఖం పోతే సినిమా పోతుంది, బొమ్మ పదో వంతు చిన్నదైతే ఎవరికీ తెలియదు.

ప్రతి చేతికి వచ్చాక మొట్టమొదట చూడాల్సింది ఫ్రేమ్ రేటు. ఫిల్మ్ మీద తీసిన సినిమా సెకనుకు 24 ఫ్రేములు. యూరప్ టీవీ కోసం చేసిన ప్రతి 25 ఫ్రేములకు పరిగెడుతుంది. 45 నిమిషాల సినిమా 25లో 43 నిమిషాల 12 సెకన్లకే అయిపోతుంది. డైలాగ్ లిస్టు ఒక రేటుదీ వీడియో మరో రేటుదీ అయితే మొదటి నిమిషంలో రెండు సెకన్ల పైన తేడా వస్తుంది, చివరికి నిమిషంన్నర దాటుతుంది. ఇది ఇట్టే కనబడుతుంది కాబట్టి ప్రమాదం లేదు. అసలు ప్రమాదం 23.976కూ 24కూ మధ్య ఉన్నది. అక్కడ తేడా వెయ్యిలో ఒక వంతు, 45 నిమిషాలకు 2.7 సెకన్లు. మొదటి పది నిమిషాలు చూసి సింక్ బాగుందనుకుంటాం, ఆఖరి సన్నివేశంలో మాట ముందు, అక్షరం వెనక. అందుకే మొదట్లో ఒక మాట, చివర్లో ఒక మాట పట్టుకుని రెండు చోట్లా తేడా కొలవాలి. రెండూ సమానంగా జరిగి ఉంటే మొత్తం ఫైలును జరిపితే చాలు. చివర్లో ఎక్కువైతే రేటు మార్చాలి. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే ప్రోగ్రాములో రెండూ చెయ్యొచ్చు.

తర్వాత వోలోఫ్. భాష రాకపోయినా వినడం మానకూడదు. మాతృభాషగా వోలోఫ్ మాట్లాడే ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని సినిమా మొత్తం ఆపి ఆపి నడపాలి. ఆ కూర్చున్న మనిషిని ‘దీనికి అర్థం ఏమిటి’ అని కాకుండా ‘ఇది ఎవరు ఎవరితో ఎలా అన్నారు’ అని అడగాలి. తెలుగుకు కావాల్సింది అదే. వోలోఫ్ క్రియలో ఆడా మగా తేడా లేదు. తెలుగులో ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని తేల్చకుండా వాక్యమే ముగియదు. బొమ్మ చూడకుండా కాగితం మీంచి అనువదిస్తే వీధి పిల్లల గుంపు సన్నివేశాల్లో ఎవరి గురించి మాట్లాడుతున్నారో తారుమారవుతుంది.

వరసల దగ్గరా అంతే. వోలోఫ్‌లో ‘మామ్’ అంటే తాతైనా అవ్వైనా, తల్లి వైపైనా తండ్రి వైపైనా ఒకటే మాట. సిలీ అవ్వ అమ్మమ్మా నానమ్మా అన్నది ఆ మాటలో లేదు. ఊహించి ఒకటి వేస్తే కథలో లేని చుట్టరికం పుడుతుంది. కాబట్టి ‘అవ్వ’ అన్నదే వాడాను, అన్ని ప్రాంతాలవాళ్లకూ అది తెలుస్తుంది.

మర్యాద సంగతి ఇంకా సున్నితం. పేపర్లు మొత్తం కొన్న పెద్దమనిషి పెద్ద నోటు ఇవ్వడంతో పోలీసు సిలీని దొంగ అనుకుని స్టేషన్‌కు తీసుకెళ్తాడు. అక్కడ ఆ పిల్ల అధికారితో వాదించి తాను బయటపడటమే కాక, లోపల ఉన్న మరో ఆడమనిషినీ విడిపిస్తుంది. తెలుగులో ఆ పిల్ల అధికారిని ‘నువ్వు’ అంటే హాల్లో నవ్వుతారు. ‘సార్’, ‘అండీ’ అంటే బతిమాలుతున్నట్టు ఉంటుంది, ఆమె బతిమాలదు. ‘మీరు’ ఉంచి, ‘అండి’, ‘సార్’ పూర్తిగా తీసేశాను. ‘నన్నెందుకు తెచ్చారు’ అన్నంత పొడిగా. మగపిల్లలు ఆమెతో మాట్లాడేటప్పుడు ‘నువ్వు’. ఆమెకు తోడు నిలిచే కుర్రాడు బాబూ సెక్ నోట మాత్రం ‘ఏమే’, ‘ఒసే’ రాకూడదు, ఉత్త పేరే పిలవాలి.

డబ్బు లెక్క దగ్గర కొత్తవాళ్లు తప్పక తడబడతారు. వోలోఫ్‌లో డబ్బును ‘దెరెమ్’లలో లెక్కపెడతారు. ఒక దెరెమ్ అంటే సెనెగల్‌లో నడిచే సీఎఫ్‌ఏ ఫ్రాంకులు 5. కాబట్టి ‘తేమేర్’, అంటే వంద, అని వినబడితే అది 500 ఫ్రాంకులు. 1,000 ఫ్రాంకులను రెండు వందలంటారు, 10,000 నోటును రెండు వేలంటారు. అంకెలు మాత్రం నేర్చుకుని వింటున్నవాళ్లకు డైలాగ్ లిస్టు తప్పనిపిస్తుంది, దిద్దేస్తారు. దిద్దకూడదు. సబ్‌టైటిల్‌లో ఫ్రాంకులే వెయ్యాలి, ఎందుకంటే తెర మీద కనిపించే నోటు మీదా అదే అంకె ఉంటుంది. రూపాయల్లోకి మాత్రం మార్చకండి. 1994 జనవరిలో ఆ ఫ్రాంకు విలువను సగానికి తగ్గించారు. అప్పటిదాకా 50 ఇస్తే ఒక ఫ్రెంచ్ ఫ్రాంకు వచ్చేది, ఒక్కసారిగా 100 ఇవ్వాల్సి వచ్చింది. ‘ల ఫ్రాంక్’ పుట్టిందే ఆ దెబ్బలోంచి. దాన్ని రూపాయి చేస్తే కథ నేల మీంచి లేచిపోతుంది. రెండో సినిమాలో సిలీ అమ్మే పేపర్లో ‘ఆఫ్రికా ఫ్రాంక్ మండలం నుంచి బయటికి’ అనే శీర్షిక వస్తుంది. ఆ వ్యంగ్యం తెలియాలన్నా ఫ్రాంకు ఫ్రాంకుగానే ఉండాలి.

సినిమాల్లో వోలోఫ్‌తో పాటు ఫ్రెంచ్ కూడా వినబడుతుంది. భాష మారిందని చూపడానికి కొందరు వాలు అక్షరాలు వాడతారు. తెలుగుకు వాలు నప్పదు. ఫాంట్లలో నిజమైన వాలు రూపం దాదాపు ఉండదు, సాఫ్ట్‌వేర్ బలవంతంగా వంచితే గుడులూ వట్రుసుడులూ పక్కకు తోసుకుని చదవడానికి ఇబ్బందవుతుంది. నేను భాషలోనే తేడా పెట్టాను. ఫ్రెంచ్ మాటలకు కొంచెం కాగితపు తెలుగు, వోలోఫ్ మాటలకు నోటి తెలుగు. అయితే నోటి తెలుగు అంటే ఫలానా జిల్లా యాస కాదు. డాకర్ పిల్లల నోట తెలంగాణ యాసో గోదావరి యాసో పెడితే మొదటి నిమిషం ముచ్చటగా ఉంటుంది, తర్వాత ప్రేక్షకుడికి డాకర్ కనిపించదు. ‘ఎళ్లిపోదాం’, ‘ఏంటి’, ‘ఇచ్చెయ్’ లాంటి అందరి నోటా ఆడే రూపాల దగ్గర ఆగాలి.

పేర్లు రాయడంలో ఫ్రెంచ్ స్పెల్లింగ్ మోసం చేస్తుంది. ఇంగ్లిష్ అలవాటులో చదివి ‘డియోప్’, ‘ఎన్‌డియాయే’ అని రాస్తే సెనెగల్‌వాళ్లకు వాళ్ల పేరని తెలియదు. అచ్చు ముందు వచ్చే డీ-ఐ జంట అక్కడ ‘జ’, టీ-హెచ్ జంట ‘చ’, ఓ-యూ జంట ‘ఊ’ అవుతాయి. జోప్, న్జాయ్, చామ్ అని రాయాలి. తెలుగుకు ఇక్కడ ఒక లాభం ఉంది. వోలోఫ్‌లో హ్రస్వ దీర్ఘాల తేడా, ద్విత్వాల తేడా అర్థాన్ని మారుస్తాయి. ఇంగ్లిష్ లిపికి అందనివి మన లిపికి అందుతాయి. కాబట్టి వీలైనంత వరకు వినబడిందే రాయాలి, స్పెల్లింగ్ చూసి కాదు.

ఇక పాటలు, నిశ్శబ్దాలు. రెండో సినిమాకు సంగీతం మాంబెతి తమ్ముడు వాసిస్ జోప్‌ది. ‘ల ఫ్రాంక్’లో సాక్సఫోన్ చాలాసేపు మాట పని చేస్తుంది. ఇంటావిడగా నటించిన అమినతా ఫాల్ స్వయంగా పేరున్న గాయని. ఆమె తిట్లు కూడా లయలోనే పడతాయి. ఆ లయ ప్రకారమే సబ్‌టైటిల్ విరవాలి, వ్యాకరణం ప్రకారం కాదు. మూడు తిట్లు మూడు దెబ్బలుగా పడితే మూడు చిన్న సబ్‌టైటిళ్లు ఉండాలి. ఒకే పొడుగు వాక్యంగా కలిపితే ముందే చదివేసిన ప్రేక్షకుడు మిగిలిన రెండు దెబ్బలకు నవ్వడు. తిరిగి తిరిగి వచ్చే పాటకు మొదటిసారి పల్లవి వేసి, తర్వాత ఖాళీగా వదిలాను. వంత పాడేది మళ్లీ మళ్లీ రాస్తే కన్ను కిందే ఉండిపోతుంది. పేపర్ల కేకలదీ అదే దారి. మొదట ‘సొలే పేపర్! సొలే!’ అని ఒకసారి, పిల్ల గొంతు మారిన చోట మరోసారి, అంతే. ‘సొలే’ అంటే ఫ్రెంచ్‌లో సూర్యుడన్నది మొదటి కేకలో ఇరికించకుండా సినిమా పేరు కిందే ‘సూర్యుణ్ణి అమ్మిన చిన్నది’ అని వేస్తే సరిపోతుంది.

మాటలు లేని పొడుగాటి భాగాల్లో వివరణలు దూర్చాలనే ఆశ పుడుతుంది. మారిగో తలుపు మోసుకుని వెళ్తుంటే పక్కన పోయే రంగుల బస్సు కార్ రాపిడ్ అనీ, ఆ పేట కొలొబాన్ అనీ, మాంబెతి 1945లో అక్కడే పుట్టాడనీ చెప్పాలనిపిస్తుంది. తెర మీద అవేవీ వద్దు. వాటికి వేరే చోటు ఉంది, కింద చెబుతాను.

చివరి మాట గురించి మాత్రం ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. సిలీ కథ వోలోఫ్ కథల ముగింపు మాటతోనే ముగుస్తుంది: ఈ కథ ఇలా సముద్రంలో పడింది, దాని వాసన మొదట పీల్చినవారు స్వర్గానికి పోతారు. ‘కథ కంచికి, మనం ఇంటికి’ అని వేసేస్తే హాలు చప్పట్లు కొడుతుంది, నిజమే. కానీ డాకర్ మూడు వైపులా సముద్రం ఉన్న ఊరు. ‘ల ఫ్రాంక్’ కూడా ఆఖరికి సముద్రం దగ్గరికే వెళ్తుంది. రెండు సినిమాలూ వరుసగా చూసినవాళ్లకు ఆ సముద్రం తగలాలి. అందుకని ‘ఈ కథ కడలిలో కలిసింది. / తొలి పరిమళం పీల్చినవారిది స్వర్గం’ అని రెండు ముక్కలుగా, ఒక్కోదానికి మూడు సెకన్ల పైగా ఉంచాను. ముగింపు మాట కాబట్టి కొంచెం పద్యపు ఒరవడి ఉన్నా చెల్లుతుంది. మిగతా సినిమాలో ఎక్కడా చెల్లదు.

ఇప్పుడు లిపి. తెలుగు సబ్‌టైటిళ్లలో సగం రోగాలు ఇక్కడే. ఇంగ్లిష్‌కు వరుసకు 42 అక్షరాలని ఒక లెక్క వాడుకలో ఉంది. సాఫ్ట్‌వేర్ మన ‘స్త్రీ’ని ఆరుగా లెక్కపెడుతుంది, కంటికి అది ఒకటే. అందుకని సాఫ్ట్‌వేర్ చూపే ఎర్ర గుర్తులను పట్టించుకోకుండా కంటికి కనిపించే అక్షరాలను లెక్కపెట్టుకోవాలి. నేను పెట్టుకున్న హద్దు వరుసకు 22 అక్షరాలు, రెండు వరుసలు, సెకనుకు 8 అక్షరాలు. ఒక సబ్‌టైటిల్ సెకను కంటే తక్కువ ఉండకూడదు, ఆరు సెకన్లు దాటకూడదు. రెండింటి మధ్య రెండు ఫ్రేముల ఖాళీ ఉంటే కొత్తది వచ్చినట్టు కన్నుకు తెలుస్తుంది. కట్‌కు అర సెకను లోపల ముగుస్తుంటే కట్ దగ్గరే ముగించాలి. షాట్ మారాక కూడా వేలాడితే మళ్లీ మొదటినుంచి చదువుతారు.

ఫైలును యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లోనే భద్రపరచాలి, లేకపోతే మొత్తం ప్రశ్నార్థకాలవుతుంది. పరాయి పేర్లకు విభక్తి తగిలించిన చోట పొల్లు తర్వాత సున్నా వెడల్పు విడదీత, అదే జడ్‌డబ్ల్యూఎన్‌జే, పెట్టాలి. లేదంటే ‘డాకర్‌లో’ కాస్తా ‘డాకర్లో’ అవుతుంది. కొన్ని ప్రోగ్రాములు ఫార్మాట్ మార్చేటప్పుడు ఈ కనిపించని గుర్తును తుడిచేస్తాయి. కాబట్టి మార్పిడి అయిన ప్రతిసారీ నాలుగైదు పేర్లు వెతికి చూసుకోవాలి.

ఫాంటు విషయంలో మండలి, నోటో సాన్స్ తెలుగు రెండూ తెరకు పనికొస్తాయి. సన్నగీతల ఫాంట్లు పుస్తకానికే. ఏఎస్‌ఎస్ అనే సబ్‌టైటిల్ ఫార్మాట్‌లో సైజు అంకెను నమ్మకండి. అక్కడ సైజంటే ఫాంటు పైకీ కిందికీ కేటాయించుకున్న మొత్తం ఎత్తు. కింది ఒత్తుల కోసం ఎక్కువ చోటు ఉంచుకున్న ఫాంటు అదే 64లో చిన్నగా కనబడుతుంది. తెర మీద ‘క’ ఎంత ఎత్తుందో కొలిచి, 1080 గీతల బొమ్మలో 40 పిక్సెళ్ల దగ్గర ఉండేలా సరిచేసుకోవాలి. వరుసల మధ్య ఎడం పెంచే వీలు ఆ ఫార్మాట్‌లో లేదు. పై వరుసలోని ‘స్త్ర’ ఒత్తులు కింది వరుస గుడిని తాకుతుంటే ఆ రెండు వరుసలనూ వేర్వేరు ఎత్తుల్లో విడి సబ్‌టైటిళ్లుగా పెట్టడమే దారి. లేదా మాట మార్చి ఒత్తు లేని పదం వెయ్యడం. రెండోది చాలాసార్లు వాక్యాన్నీ బాగుచేస్తుంది.

డాకర్ ఎండ తెల్లటిది. ఇసుక, ఆకాశం, గోడలు అన్నీ మెరుస్తుంటాయి. తెల్ల అక్షరం కరిగిపోతుంది. దాన్ని కాపాడాలని నల్ల అంచును లావు చేస్తే అక్షరాల్లోని చిన్న కన్నాలు పూడిపోతాయి, ద-ధ-థ ఒకేలా కనబడతాయి. 1080 బొమ్మకు అంచు రెండున్నర పిక్సెళ్లు దాటనివ్వకుండా, అక్షరానికి లేత పసుపు రంగు వేస్తే నిలబడింది.

ప్రదర్శనకు విడి ఎస్‌ఆర్‌టీ ఫైలును, అంటే వీడియో పక్కన ఉంచే సాదా సబ్‌టైటిల్ ఫైలును, నమ్ముకోవద్దు. ల్యాప్‌టాప్‌లో చక్కగా వచ్చింది హాల్లోని ప్లేయర్‌లో ఒత్తులు విడిపోయి, పొల్లులు బయటపడి, కొన్ని చోట్ల గళ్లుగా వస్తుంది. ఆ ప్లేయర్లకు తెలుగు అక్షరం కట్టే పని రాదు. బర్న్ చెయ్యడమే క్షేమం. వీడియో మార్చే ప్రోగ్రాము ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని సబ్‌టైటిల్ ఫిల్టరు వెనక, సబ్‌టైటిళ్లను గీసే లిబాస్ ఉంటుంది. అందులో అక్షరాలు కట్టే హార్ఫ్‌బజ్ కలిసి ఉంటేనే సంయుక్తాక్షరాలు సరిగ్గా కట్టుకుంటాయి. మొత్తం సినిమా ఎక్కించే ముందు ‘స్త్రీ, క్ష్మ, ర్త్య, డాకర్‌లో’ ఉన్న పది సెకన్ల ముక్క చేసి చూసుకుంటే రాత్రి వృథా కాదు. ఫాంటు పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ప్రోగ్రాము గొణక్కుండా వేరే ఫాంటు వేసేస్తుంది, అదీ చూసుకోవాలి. డిజిటల్ థియేటర్ సర్వర్‌కు ఇవ్వాల్సి వస్తే సబ్‌టైటిళ్లను అక్షరాలుగా కాక బొమ్మలుగా ఇవ్వండి.

హాల్లో కుర్చీలన్నీ ఒకే మట్టంలో ఉంటే వెనకవాళ్లకు ముందువాళ్ల తలలే కనబడతాయి. కింది అంచు నుంచి 70 పిక్సెళ్లు సరిపోయేచోట అక్కడ 110 కావాల్సి వస్తుంది. బర్న్ చేసే ముందే హాలు చూసి రావాలి. ఆఖరి వరుసలో కూర్చుని, పక్కనుంచి వెలుతురు ఎంత పడుతోందో కూడా చూడాలి.

తెర మీద వద్దన్న వివరాలన్నీ ఒక కాగితం మీదికి వెళ్లాయి. తలుపు దగ్గర చేతికిచ్చే ఒక పక్క కాగితం. ఫ్రాంకు విలువ సగానికి పడిన సంగతి, ‘ల సొలే’ సర్కారు దినపత్రిక అనీ, మగపిల్లలు అమ్మే ‘సుద్’ జనం పేపరనీ, యాదికూన్ ఎవరో, కొంగోమా అంటే చెక్కపెట్టె మీద ఇనుప రేకులు బిగించి వేళ్లతో మీటే వాయిద్యం అనీ, లేబ్ కథ మొదలూ ముగింపూ. పది వాక్యాలు మించలేదు. మించితే లైట్లు ఆర్పేలోపు ఎవరూ చదవరు.

వరుస కూడా ముఖ్యం. ‘ల ఫ్రాంక్’ ముందు, విరామం లేకుండా సిలీ కథ. రెండూ కలిపి గంటన్నర. ముందు ఇంకో ఇరవై నిమిషాలు ఉంటే సెనెగల్‌కే చెందిన దర్శకుడు ఉస్మాన్ సెంబెన్ 1963లో తీసిన ‘బొరొమ్ సరెట్’ కలపొచ్చు. డాకర్ బండివాడి ఒక రోజు. దానికి సబ్‌టైటిల్ పని పూర్తిగా వేరు. మాట మొత్తం తర్వాత ఫ్రెంచ్‌లో చేర్చిన గొంతే, బండివాడి గొంతు సెంబెన్‌దే. పెదవులతో సింక్ బాధ లేదు గాని, ఆ గొంతు ఎక్కువగా ఆగదు కాబట్టి మూడింట ఒక వంతు మాటలు తగ్గించక తప్పదు. అందులో ఒక గ్రియో బండివాడి పూర్వీకుల గొప్పలు పాడి వాడి సంపాదన ఊడ్చుకుపోతాడు. గ్రియోను ‘భట్రాజు’ అనో ‘పిచ్చుకగుంట్లవాడు’ అనో వెయ్యాలనిపిస్తుంది. వంశాలు పాడి పొట్టపోసుకునే వృత్తి మనకూ ఉన్నదే. కానీ ఆ పేర్లు ఇక్కడి కులాల పేర్లు, వాటితో ఇక్కడి చరిత్ర వస్తుంది. ‘గ్రియో’ అనే ఉంచి, కాగితంలో ఒక వాక్యం కలపడం మంచిది.

పని అయ్యాక ఒకే ఫోల్డర్లో సబ్‌టైటిల్ రెండు రూపాలూ, వాడిన ఫాంటు ఫైలూ, పేర్లు ఎలా రాశామో పట్టికా, ఫ్రేమ్ రేటు పేరులోనే ఉన్న వీడియో ముక్కా పెట్టి, ఒక నకలు హక్కుదారులకు పంపాలి. వేరే ఊళ్లో ఎవరైనా తెలుగు ప్రతి అడిగితే వాళ్లు ఇచ్చేది దాన్నే, కాబట్టి పంపే ముందు హాల్లో జనం నవ్విన చోట, నవ్వాల్సి ఉండీ నవ్వని చోట రాసుకున్న దిద్దుబాట్లు అందులో చేర్చి పంపండి.